ఐదు వేల యూరోల మఫ్లర్లు: యూరోవిజన్ వేదిక మీద రాజకీయం ఎక్కడ మొదలవుతుంది?

2019 మే 18న టెల్ అవీవ్‌లో మొదలైన యూరోవిజన్ పాటల పోటీ ఫైనల్ అర్ధరాత్రి దాటింది. పాటలు అయిపోయాయి. ప్రేక్షకుల ఓట్లను ఒక్కో దేశం పేరు పిలిచి చదువుతున్నారు. ఐస్‌లాండ్ వంతు రాగానే కెమెరా ఆ దేశపు బృందం కూర్చున్న సోఫా మీదికి తిరిగింది. నల్ల తోలు దుస్తులు, ఇనుప ముళ్ల పట్టీలతో ఉన్న ‘హతారి’ బ్యాండ్ సభ్యులు పాలస్తీనా జెండా రంగుల మఫ్లర్లను చాచి పట్టుకున్నారు. హాలంతా గేలి కేకలు. కొన్ని క్షణాల్లోనే ఆ దృశ్యం తెర మీద నుంచి తప్పుకుంది. నాలుగు నెలలకు ఐస్‌లాండ్ జాతీయ ప్రసార సంస్థ ‘రూవ్’కు ఐదు వేల యూరోల జరిమానా పడింది.

కోట్లమంది చూసే కార్యక్రమంలో దొరికిన ఆ కొన్ని క్షణాలకు ఐదు వేల యూరోలు అంటే టీవీ ప్రకటనల లెక్కలో చాలా చవక. ఆ మాట అలా ఉంచుదాం. ఈ పోటీలో రాజకీయం నిషిద్ధమని నియమావళిలో ఉంది. ఆ నియమం ఉండగానే 2022లో రష్యాను బయటికి పంపారు, 2024లో ఇజ్రాయెల్ పాట మార్పించారు. 2026 వియన్నా పోటీకి వెళ్లబోమని స్పెయిన్, నెదర్లాండ్స్, ఐర్లాండ్, స్లొవేనియా, ఐస్‌లాండ్ ప్రకటించాయి. ఇన్ని జరిగిన చోట ‘రాజకీయం నిషిద్ధం’ అనే మాటకు అర్థమేమిటి? ఒకే రకమైన పనికి ఒకరికి జరిమానా, మరొకరికి సానుభూతి ఎందుకు దక్కుతున్నాయి?

పోటీ దేశాల మధ్య కాదు, టీవీ సంస్థల మధ్య

ముందుగా ఒక చిక్కుముడి విప్పుకోవాలి. యూరోవిజన్‌లో పాల్గొనేది దేశాలు కాదు, ప్రసార సంస్థలు. ప్రభుత్వ లేదా ప్రజా ధనంతో నడుస్తూ ప్రజల తరఫున ప్రసారం చేయాల్సిన సంస్థలు, అంటే మన ప్రసార భారతి తరహావి, కలిసి 1950లో పెట్టుకున్న సంఘమే యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్. పొట్టిగా ఈబీయూ అంటారు. కార్యాలయం జెనీవాలో. యుద్ధంలో చితికిన ఖండంలో సరిహద్దులు దాటి ఒకేసారి ప్రత్యక్ష ప్రసారం చేయడం సాధ్యమేనా అని పరీక్షించుకునే ప్రయోగాల్లో ఈ పాటల పోటీ ఒకటి. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాల సంస్థలతో మొదలైంది.

సభ్యత్వం యూరప్ పటంతో అతికినట్టు సరిపోదు. మధ్యధరా తీరాన్ని కూడా కలుపుకున్న ప్రసార ప్రాంతంలో ఉన్న సంస్థలకు అర్హత ఉంటుంది. అందుకే ఇజ్రాయెల్ 1973 నుంచి పాల్గొంటోంది. మొరాకో 1980లో ఒక్కసారి వచ్చి వెళ్లింది. ఆస్ట్రేలియా 2015 నుంచి ఆహ్వానం మీద వస్తోంది.

దీని పర్యవసానం చిన్నది కాదు. గాయకుడు నియమం తప్పితే శిక్ష పడేది అతణ్ని పంపిన టీవీ సంస్థకు. ఏ దేశం ఉండాలి, ఏది వద్దు అని వాదన వస్తే ఈబీయూ ఎప్పుడూ ఇచ్చే జవాబు ఇదే: ‘మా సభ్యులు ప్రభుత్వాలు కావు, ప్రసార సంస్థలు. ఆ సంస్థ మా నిబంధనలు పాటిస్తోందా లేదా అన్నదే మేం చూసేది.’ న్యాయపరంగా ఇది సబబే. అయితే అదే ఈబీయూ ప్రతి పాటకు ముందు దేశం పేరు వేస్తుంది, జెండాలతో కవాతు చేయిస్తుంది, పాయింట్లు దేశాల పేర్లతో చదివిస్తుంది. తెర మీద దేశాల పోటీగా అమ్మి, వివాదం వచ్చినప్పుడు టీవీ సంస్థల సమావేశమని చెబితే చూసేవాళ్లకు నమ్మకం కుదరకపోవడంలో వింత లేదు.

నియమంలో ఉన్నది, లేనిది

రాజకీయ, వాణిజ్య స్వభావమున్న సాహిత్యం, ప్రసంగాలు, సైగలు వేదిక మీద కుదరవు. పోటీకి అప్రతిష్ఠ తెచ్చే పని ఏదీ చేయకూడదు. నియమం సారాంశం ఇంతే. ‘రాజకీయం’ అంటే ఏమిటో నిర్వచనం మాత్రం లేదు. పోటీ మే నెలలో ఉంటే పాటలన్నీ మార్చికల్లా చేరాలి. ఆ దశలోనే ఈబీయూ సాహిత్యాన్ని చూసి పచ్చజెండా ఊపుతుంది, లేదా మార్చుకోమంటుంది.

ఈ వడపోత ఎలా పనిచేస్తుందో రెండు పాటలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మొదటిది జార్జియాది. 2008 ఆగస్టులో రష్యా, జార్జియా మధ్య యుద్ధం జరిగింది. మరుసటి ఏడాది పోటీ మాస్కోలో. జార్జియా ఎంచుకున్నది ఒక హుషారైన డిస్కో పాట. దాని పల్లవిలో ‘పుట్ ఇన్’ అనే రెండు ఇంగ్లిష్ మాటలు కలిపి పలికితే అప్పటి రష్యా ప్రధాని పుతిన్ పేరు వినబడుతుంది. ఆ మాటకు ముందున్నదేమో ‘మాకు వద్దు’ అనే అర్థం. మాటలు మార్చండి, లేదా వేరే పాట ఇవ్వండి అని ఈబీయూ చెప్పింది. జార్జియా ఒప్పుకోక పోటీ నుంచి తప్పుకుంది.

రెండోది ఉక్రెయిన్ గాయని జమాలా 2016లో పాడిన ‘1944’. 1944 మే నెలలో స్టాలిన్ ప్రభుత్వం సుమారు రెండు లక్షల మంది క్రిమియా తాతార్లను పశువుల రైలుపెట్టెల్లో కుక్కి మధ్య ఆసియాకు తరలించింది. జమాలా ముత్తవ్వ ఆ రైళ్లలో వెళ్లిన మనిషి. దారిలో ఆమె బిడ్డ ఒకతె చనిపోయింది. పాటలో రష్యా పేరు లేదు, పుతిన్ పేరు లేదు, 2014లో రష్యా క్రిమియాను కలుపుకొన్న ప్రస్తావన లేదు. రష్యా రాజకీయ నాయకులు అభ్యంతరం చెప్పారు. పాట పేరులో గానీ మాటల్లో గానీ రాజకీయ ప్రసంగమేదీ లేదని ఈబీయూ తేల్చింది. పాట గెలిచింది.

రెండింటిలో ఏది ఎక్కువ రాజకీయం? మొదటిది శ్లేషతో చేసిన వెక్కిరింత. రెండోది ఒక జాతి గాయం, అదీ ఆ నేల మళ్లీ చేతులు మారిన రెండేళ్లకు పాడింది. బరువు తూచితే రెండోదే ఎక్కువ తూగుతుందని నా లెక్క. అయినా తెగింది మొదటిదే, ఎందుకంటే వడపోతకు దొరికేది పేరూ నినాదమే. చరిత్ర దొరకదు. 2005లో ఉక్రెయిన్, ముందటి ఏడాది ఎన్నికల అక్రమాల మీద ఎగసిన ‘నారింజ విప్లవం’ వీధి పాటను పంపినప్పుడు కూడా నాయకుడు యుష్చెంకో పేరున్న చరణం తీసేస్తే సరిపోయింది. వీధుల్లో దాన్ని ఎందుకు పాడారో యూరప్‌లో తెలియనివాళ్లెవరు?

2024లో ఇదే వడపోత ఇజ్రాయెల్‌కు తగిలింది. ఆ దేశం మొదట ఇచ్చిన పాట పేరు ‘అక్టోబర్ రెయిన్’. 2023 అక్టోబరు 7 హమాస్ దాడిని గుర్తుచేసే ఆ పాటను ఈబీయూ తిప్పికొట్టింది. మాట మార్చేది లేదని ఇజ్రాయెల్ ప్రసార సంస్థ ‘కాన్’ మొదట భీష్మించింది. తర్వాత దేశాధ్యక్షుడే కల్పించుకుని, వేదిక మీద ఉండటం ముఖ్యం, సర్దుకోండి అని కోరాక అదే బాణీకి కొత్త మాటలు కట్టి ‘హరికేన్’ పేరుతో పంపారు. ఇక్కడ రెండు వాదాలూ వినాల్సినవే. జమాలా ముత్తవ్వ దుఃఖానికి చోటుంటే అక్టోబరు మృతుల దుఃఖానికి ఎందుకు లేదని ఇజ్రాయెల్ పక్షం అడిగింది. ఒకటి డెబ్బై ఏళ్లు దాటిన చరిత్ర, మరొకటి ఆ గంటకు కూడా సాగుతున్న యుద్ధంలో ఒక పక్షం వాదన అని అవతలివాళ్లు జవాబిచ్చారు. తమాషా ఏమిటంటే, 2016లో ‘1944 అంటే నిజానికి 2014’ అని రష్యా అన్నప్పుడు ఆ వాదన చెల్లలేదు.

అసలు మాటల్ని వడపోయడానికే ఒక హద్దుందని 1974 నాటి పోర్చుగల్ పాట చెబుతుంది. పాలో ది కార్వాల్యో ఆ ఏడాది ఏప్రిల్ 6న బ్రైటన్‌లో పాడింది అచ్చమైన విరహగీతం. మూడే పాయింట్లతో అట్టడుగున నిలిచింది. ఏప్రిల్ 24 రాత్రి 10 గంటల 55 నిమిషాలకు లిస్బన్ రేడియోలో అదే పాట వచ్చింది. నియంతృత్వాన్ని కూల్చడానికి సిద్ధంగా ఉన్న సైనికాధికారులకు అది ‘కదలండి’ అనే సంకేతం. నాలుగు రోజులు గడిస్తే మరచిపోయే ప్రేమపాట కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు. దాన్ని ఏ నియమం ఆపగలదు?

హతారి: ముందే చెప్పి చేసిన పని

హతారి బ్యాండ్ ఎందుకు ప్రత్యేకమంటే, వాళ్లు దొంగచాటుగా ఏమీ చేయలేదు. తమను తాము పెట్టుబడిదారీ వ్యతిరేక బృందంగా చెప్పుకునేవాళ్లు. రభసగా అరిచే గొంతు ఒకటి, సన్నటి గొంతు ఒకటి, ముఖానికి ముసుగేసుకున్న డ్రమ్మరు. తోలు పట్టీలు, గొలుసులు వాళ్ల వేషం. 2019 మార్చిలో ఐస్‌లాండ్ పోటీ గెలిచిన వాళ్ల పాట పేరుకు ‘ద్వేషమే గెలుస్తుంది’ అని అర్థం. అది ద్వేషానికి జైకొట్టడం కాదు, హెచ్చరిక అని వాళ్లు చెప్పుకున్నారు. పాటలో ఇజ్రాయెల్ ఊసే లేదు. కాబట్టి వడపోతలో ఆగలేదు.

రాజకీయమంతా పాట బయటే నడిపారు. తమను ఎంపిక చేయకముందే ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహును ఐస్‌లాండ్ సంప్రదాయ కుస్తీ ‘గ్లీమా’కు రమ్మని సవాలు విసిరారు. తాము గెలిస్తే మధ్యధరా ఒడ్డున తమ సొంత కాలనీ కట్టుకుంటారట. ఓడితే ఐస్‌లాండ్ దక్షిణాన ఉన్న వెస్ట్‌మన్ దీవుల మీద అధికారం ఇజ్రాయెల్‌కు రాసిస్తారట. ఆక్రమణ, వలస నివాసాలు అనే మాటలు వాడకుండానే వాటి గురించి అందరిచేతా మాట్లాడించిన వేళాకోళం అది. మన పగటివేషగాళ్లు దొరను దొర వాకిట్లోనే ఎద్దేవా చేసేవారే, ఆ తరహా.

టెల్ అవీవ్ చేరాక ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రాన్ చూసి వచ్చారు. ఆక్రమణ గురించి విలేఖరుల ముందు సూటిగా మాట్లాడారు. హద్దు దాటుతున్నారని ఈబీయూ అధికారులు హెచ్చరించారు. ఆ తర్వాత ఫైనల్లో పాట పాడిన మూడు నిమిషాలూ బుద్ధిగా పాడారు. వేదిక మీద ఏదీ చేయలేదు. మఫ్లర్లు తీసింది సోఫా మీద కూర్చున్నప్పుడు, ప్రత్యక్ష ప్రసారం కెమెరా తప్పనిసరిగా తమ మీదికి వస్తుందని తెలిసిన ఆ ఒక్క సందర్భంలో. పాయింట్లు చదివేటప్పుడు ప్రతి బృందాన్నీ చూపించాలన్నది ఆ కార్యక్రమపు ఆనవాయితీ. అది ముందే తెలిసినవాడికి ఏ గడియకు సిద్ధంగా ఉండాలో కూడా తెలుస్తుంది. తర్వాత సిబ్బంది వచ్చి మఫ్లర్లు ఇచ్చేయమని అడుగుతున్న దృశ్యాన్ని బ్యాండ్ సభ్యుడొకరు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. పోటీలో ఐస్‌లాండ్‌కు పదో స్థానం దక్కింది. 2014 తర్వాత ఆ దేశం ఫైనల్ దాకా రావడమే అదే మొదలు.

ఈ పనికి చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు, మండిపడ్డవాళ్లూ ఉన్నారు. మండిపడ్డవాళ్లలో ఒక వర్గం మాత్రం చాలామంది ఊహించనిది. ఇజ్రాయెల్‌ను సాంస్కృతికంగా బహిష్కరించాలని పిలుపునిచ్చే పాలస్తీనా ఉద్యమ సంస్థ హతారి పనిని మెచ్చుకోలేదు. రావద్దని మేం పిలుపునిస్తే, ఆ పిలుపును తోసిరాజని వచ్చి, పాడి, ఆతిథ్యం తీసుకుని, చివర జెండా చూపితే అది సంఘీభావం కాదు, కంటితుడుపు అని దాని అభిప్రాయం. ఐస్‌లాండ్‌లోనూ అసలు పోటీకే వెళ్లొద్దని వేలమంది అప్పటికే సంతకాలు పెట్టారు.

హతారి వైపు వాదనకూ బలముంది. ఇంట్లో కూర్చుని బహిష్కరిస్తే వార్త ఒక రోజు ఉంటుంది, అదీ ఐస్‌లాండ్‌లో. వెళ్లి చేస్తే ఆ దృశ్యం ఖండమంతా చూస్తుంది. వాళ్లు అంతటితో ఆగలేదు కూడా. పోటీ ముగిసిన వారంలోపే పాలస్తీనా గాయకుడు బషార్ మురాద్‌తో కలిసి చేసిన పాట విడుదల చేశారు. అదే బషార్ మురాద్ 2024లో ఐస్‌లాండ్ జాతీయ ఎంపిక పోటీలో పాల్గొని రెండో స్థానంలో నిలిచారు. మఫ్లర్ల కన్నా ఇది గట్టి పని అనిపిస్తుంది నాకు. దీనికి వచ్చిన ప్రచారం మాత్రం అందులో పదో వంతు కూడా లేదు.

‘మానవతా సందేశం’ అనే వెసులుబాటు

అదే రాత్రి అదే వేదిక మీద అతిథిగా పాడిన మడోన్నా బృందంలో ఇద్దరు నృత్యకారులు వీపు మీద ఒకరు ఇజ్రాయెల్ జెండా, ఒకరు పాలస్తీనా జెండా అతికించుకుని చేయీ చేయీ కలిపి నడిచారు. రిహార్సల్‌లో ఇది లేదు, మాకు చెప్పలేదు అని ఈబీయూ ప్రకటించింది. అంతకుమించి ఏమీ జరగలేదు. మడోన్నాను పంపిన టీవీ సంస్థ ఏదీ లేదు కాబట్టి జరిమానా వేయడానికి మనిషి దొరకలేదని సాంకేతిక సమాధానం. రెండు జెండాలు కలిపి పట్టుకుంటే శాంతి, ఒకటే పట్టుకుంటే రాజకీయం అనే లెక్క కూడా ఇందులో పనిచేసి ఉండవచ్చు.

ఇంకా పెద్ద తేడా మరో జంటలో కనిపిస్తుంది. 2017లో కీవ్‌కు వచ్చిన పోర్చుగల్ గాయకుడు సాల్వదోర్ సోబ్రల్ ‘శరణార్థులను కాపాడండి’ అనే అర్థమిచ్చే అక్షరాలున్న స్వెటర్ వేసుకుని విలేఖరుల ముందుకు వచ్చారు. వేదిక మీద కూడా కాదు. ఇది రాజకీయం కాదు, మానవతా విషయం అని ఆయన వాదన. ఆ స్వెటర్ మళ్లీ వేసుకోవద్దని ఈబీయూ చెప్పింది. ఆ ఏడాది విజేత ఆయనే. 2022లో టురిన్‌లో ఉక్రెయిన్ బృందం ‘కలుష్ ఆర్కెస్ట్రా’ పాట ముగియగానే వేదిక మీద నుంచే మారియుపోల్‌ను, అజోవ్‌స్టాల్‌ను ఆదుకోండి అని వేడుకుంది. మారియుపోల్ నగరంలోని అజోవ్‌స్టాల్ ఉక్కు కర్మాగారంలో అప్పుడు ఉక్రెయిన్ సైనికులు ముట్టడిలో ఉన్నారు. అది రాజకీయం కాదు, మానవతా విజ్ఞప్తి అని ఈబీయూ తీర్పు. ఆ ఏడాది విజేత వాళ్లే.

ఒకే మాట, రెండు తీర్పులు. ఈబీయూ పక్షాన చెప్పాలంటే, 2022 వసంతంలో సభ్య సంస్థల్లో దాదాపు అందరిదీ ఒకే అభిప్రాయం. శరణార్థుల విషయంలో యూరప్ ప్రభుత్వాలే రెండుగా చీలి ఉన్నాయి. అందరూ ఒప్పుకున్నదాన్ని ‘మానవత’ అనీ, కొందరు కాదన్నదాన్ని ‘రాజకీయం’ అనీ పిలవడం ఇక్కడ అలిఖిత నియమం. అది వంచన అని నేననను. వందకు పైగా సంస్థలున్న సంఘం ఏకాభిప్రాయం మీదే బతుకుతుంది. కానీ ఆ ఏకాభిప్రాయం చెదిరిన రోజున ఆ సంఘం చేతిలో వేరే కొలబద్ద మిగలదు. గాజా విషయంలో జరిగింది సరిగ్గా అదే.

2024లో మాల్మోలో ఐర్లాండ్ తరఫున పాడిన బాంబీ థగ్ తమ అలంకరణలో ప్రాచీన ఐరిష్ లిపి ‘ఓగమ్’లో ‘కాల్పుల విరమణ’, ‘పాలస్తీనాకు స్వేచ్ఛ’ అని రాసుకున్నారు. చదవగలిగేవాళ్లు యూరప్ మొత్తం మీద ఎందరుంటారో గానీ అధికారులు వాటిని మార్పించారు. అదే పోటీ మొదటి సెమీఫైనల్‌ను ప్రారంభించిన అతిథుల్లో ఒకరైన స్వీడన్ గాయకుడు ఎరిక్ సాదే మణికట్టుకు పాలస్తీనా సంప్రదాయ కండువా కెఫియా చుట్టుకుని పాడారు. ఆయన తండ్రి పాలస్తీనా మూలాలున్నవారు. ఈబీయూ విచారం ప్రకటించింది. ఇక్కడ కూడా అతిథే, జరిమానా లేదు.

ఇంకో కోణముంది. స్వలింగ ప్రేమను వేదిక మీద చూపడం ఈబీయూ దృష్టిలో రాజకీయం కాదు, పోటీ విలువల్లో భాగం. 2018లో ఇద్దరు యువకులు జంటగా నృత్యం చేసిన ఐర్లాండ్ పాటను కత్తిరించి ప్రసారం చేసిన చైనా చానెల్‌తో ఈబీయూ ఒప్పందమే రద్దు చేసుకుంది. కానీ 2012 తర్వాత మళ్లీ రాని తుర్కియే ప్రసార సంస్థ అధిపతి తమ అభ్యంతరాల్లో, గడ్డంతో, గౌనుతో పాడి 2014లో గెలిచిన ఆస్ట్రియా కళాకారుడు కొన్చితా వుర్స్ట్‌ను ఉదాహరణగా చెప్పారు. ఒకరి విలువ మరొకరికి రాజకీయం అన్నమాట.

ఓటు కూడా నినాదమేనా?

గాయకుల నోరు కట్టినా ప్రేక్షకుల చేతిలో ఫోను ఉంది. ప్రతి దేశం రెండు జతల పాయింట్లు ఇస్తుంది: సంగీత నిపుణుల జ్యూరీ ఒక జత, ప్రేక్షకులు ఒక జత. మొదటి పాటకు 12, రెండోదానికి 10, ఆపైన 8 నుంచి 1 దాకా. పదకొండో స్థానంలో ఉన్న పాటకు సున్న.

2016 లెక్క చూడండి. జ్యూరీలు ఆస్ట్రేలియాకు 320, ఉక్రెయిన్‌కు 211, రష్యాకు 130 ఇచ్చాయి. ప్రేక్షకులు రష్యాకు 361, ఉక్రెయిన్‌కు 323, ఆస్ట్రేలియాకు 191 ఇచ్చారు. మొత్తం మీద ఉక్రెయిన్ 534, ఆస్ట్రేలియా 511, రష్యా 491. జమాలా రెండు జాబితాల్లోనూ రెండో స్థానమే, కలిపితే మొదటి స్థానం. యూరప్ కక్షగట్టి రష్యాను ఓడించిందని అప్పట్లో వినిపించిన మాటకు ఈ అంకెలు అడ్డుపడతాయి, ప్రేక్షకుల్లో మొదటి స్థానం రష్యాదే కదా. అంతకన్నా ఆశ్చర్యం: ఉక్రెయిన్ ప్రేక్షకులు రష్యాకు 12 పాయింట్లు వేశారు, రష్యా ప్రేక్షకులు ఉక్రెయిన్‌కు 10 వేశారు. రెండు దేశాల జ్యూరీలు మాత్రం ఒకదానికొకటి సున్న ఇచ్చుకున్నాయి.

2025 బాసెల్ పోటీలో కథ వేరు. ఇజ్రాయెల్‌కు జ్యూరీలు ఇచ్చింది 60, ప్రేక్షకులు ఇచ్చింది 297. ఆస్ట్రియా 258, 178తో మొత్తం 436 తెచ్చుకుని గెలిచింది. ఇజ్రాయెల్ 357తో రెండోది. ఇజ్రాయెల్ ప్రభుత్వ ప్రచార విభాగం ఓట్లు కోరుతూ ఆన్‌లైన్‌లో ప్రకటనలు ఇచ్చిందన్న సంగతి బయటపడి, పలు ప్రసార సంస్థలు ఓటింగ్ పద్ధతినే సమీక్షించాలన్నాయి. లెక్కింపులో తప్పు జరగలేదని ఈబీయూ చెప్పింది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఎలాగంటే, ఆ ఏడాది ఒక్కొక్కరు 20 ఓట్ల దాకా వేయవచ్చు. ఒక దేశంలో లక్ష ఓట్లు పడ్డాయనీ, తమ పాట కాక ఫైనల్లోని 25 పాటల మధ్య చీలాయనీ అనుకుందాం. సగటున ఒక్కో పాటకు 4,000. పట్టుదలతో ఉన్న 500 మంది ఒకే పాటకు 20 చొప్పున వేస్తే 10,000. ఒక్క దొంగ ఓటూ లేకుండానే ఆ పాటకు 12 పాయింట్లు రావచ్చు. మెచ్చినవాళ్లందరి ఓట్లూ చీలుతాయి, పట్టుదల ఉన్నవాళ్లవి చీలవు.

అందుకే 2025 నవంబరులో ఈబీయూ ఒక్కొక్కరి ఓట్ల పరిమితిని 10కి తగ్గించింది, సెమీఫైనల్స్‌కు జ్యూరీలను తిరిగి తెచ్చింది, ప్రభుత్వాల అండతో సాగే ప్రచారానికి అడ్డుకట్ట వేస్తామంది. పై ఉదాహరణలో 500 మంది ఓట్లు 5,000కు దిగుతాయి. ఇప్పటికీ సగటు కన్నా ఎక్కువే. ఈ లెక్కలో మన పాఠకులకూ ఒక చిన్న పాలుంది. 2023 నుంచి పోటీలో లేని దేశాలవాళ్లు కూడా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఓటేయవచ్చు. హైదరాబాద్, విజయవాడ, డాలస్ ఓట్లన్నీ ‘మిగిలిన ప్రపంచం’ అనే ఒకే ఊహా దేశం ఖాతాలో పడతాయి.

పాడేవారు కాక, పంపేవారే నిరసన తెలిపితే

కళాకారుల కంటే ప్రసార సంస్థల నిరసనలే పోటీని ఎక్కువ కుదిపాయి. 1964లో కోపెన్‌హాగెన్‌లో ఒక వ్యక్తి స్పెయిన్, పోర్చుగల్ నియంతల మీద ‘ఫ్రాంకోను, సలజార్‌ను బహిష్కరించండి’ అనే బ్యానరుతో వేదిక మీదికి దూసుకొస్తే కెమెరా పక్కకు తిప్పి సర్దేశారు. 1969లో ఫ్రాంకో పాలనలోని మాడ్రిడ్‌కు ఆస్ట్రియా రాకపోతే సర్దడానికి ఏమీ లేకపోయింది. 1975లో తుర్కియే తొలిసారి వచ్చినందుకు గ్రీసు రాలేదు. మరుసటి ఏడాది గ్రీసు వచ్చి, 1974లో తుర్కియే సైన్యం దండెత్తిన సైప్రస్ గాయం మీద శోకగీతం పాడింది, తుర్కియే రాలేదు. 2005లో లెబనాన్ వస్తానని చెప్పి, ఇజ్రాయెల్ పాటను కూడా ప్రసారం చేయాల్సిందేనని తెలిశాక వెనక్కి తగ్గింది.

2025 ఫైనల్ ముందు స్పెయిన్ సంస్థ ఆర్‌టీవీఈ ఇంకో దారి తొక్కింది. సెమీఫైనల్ వ్యాఖ్యానంలో గాజా మృతుల ప్రస్తావన తెచ్చినందుకు జరిమానా తప్పదని ఈబీయూ హెచ్చరించింది. ఫైనల్ ప్రసారం మొదలయ్యే ముందు, ఇంకా తమ సొంత సమయమే నడుస్తుండగా, ఆర్‌టీవీఈ నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వేసింది. మానవ హక్కుల విషయంలో మౌనం కుదరదని, పాలస్తీనాకు శాంతి, న్యాయం కావాలని వాటి సారాంశం.

ఇప్పుడు అసలు తగవు. 2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ మీద దాడి మొదలైన రోజు, రష్యా పాల్గొనవచ్చనే ఈబీయూ చెప్పింది. ఫిన్లాండ్ వంటి దేశాల సంస్థలు రష్యా ఉంటే మేం రామన్నాయి. 25న రష్యాను తప్పించారు. ‘అప్రతిష్ఠ’ నియమాన్ని కారణంగా చూపారు. మరి ఇజ్రాయెల్‌కు ఇదే ఎందుకు వర్తించదు?

తేడా ఉందనేవాళ్లు చెప్పేది ఇది: రష్యా చానెళ్లు ప్రభుత్వ ప్రచార యంత్రంలో భాగం. కాన్ స్వతంత్ర సంస్థ, దాన్ని ప్రైవేటుపరం చేయాలని ఇజ్రాయెల్ ప్రభుత్వమే చూస్తోంది, దాన్ని వెలివేయడమంటే ఆ ప్రభుత్వం చేతికి కర్ర ఇవ్వడమే. పైగా రష్యా దండెత్తిన దేశం, ఇజ్రాయెల్ మీద ముందు దాడి జరిగింది. తేడా లేదనేవాళ్లు చెప్పేది: 2022లో నిర్ణయం మారింది చానెళ్ల స్వతంత్రత మీద విచారణ జరిపాక కాదు, సభ్యులు లేచిపోతామన్నాక, అదీ ఒక్క రోజులో. గాజాలో ప్రాణనష్టం, అక్కడ విలేఖరుల మరణాలు, ఓటింగులో ప్రభుత్వ జోక్యం ఇవన్నీ కలిస్తే అప్రతిష్ఠ కాకపోతే ఇంకేది అవుతుంది?

2025 డిసెంబరు 4న జెనీవాలో సమావేశమైన సభ్యులు ఓటింగు మార్పులను మెజారిటీతో ఆమోదించారు. ఇజ్రాయెల్ ఉండాలా వద్దా అన్నదాని మీద విడిగా ఓటు పెట్టలేదు. ఆ రోజే నాలుగు దేశాలు తప్పుకున్నాయి, కొద్ది రోజులకు ఐస్‌లాండ్ చేరింది. వాటిలో స్పెయిన్ లోటు ఖజానాకు కూడా తగులుతుంది. పోటీకి ఎక్కువ సొమ్ము కట్టి, సెమీఫైనల్ లేకుండా నేరుగా ఫైనల్‌కు వెళ్లే ఐదు పెద్ద సంస్థల్లో దానిదొకటి. 2024 విజేత, స్విట్జర్లాండ్‌కు చెందిన నెమో తమ ట్రోఫీని ఈబీయూకు తిప్పి పంపారు. కాన్ లేకపోతే తామూ ఉండేది కష్టమని అటువైపు జర్మనీలో మాటలు నడిచాయి. అంటే ఇజ్రాయెల్‌ను ఉంచినా కొందరు పోతారు, తీసినా కొందరు పోతారు. తటస్థంగా ఉండే దారి ఈబీయూకు అప్పటికే మూసుకుపోయింది.

బయటికి పంపిన రష్యా ఊరుకోలేదు. సోవియట్ కాలపు ‘ఇంటర్‌విజన్’ పేరును దుమ్ము దులిపి 2025 సెప్టెంబరు 20న మాస్కోలో సొంత పోటీ పెట్టింది. భారత్ తరఫున కూడా ఒక గాయకుడు వెళ్లి పాడారు. గెలిచింది వియత్నాం. ఆతిథ్య దేశం తరఫున పాడిన షామాన్, ఉక్రెయిన్ యుద్ధాన్ని సమర్థించే దేశభక్తి పాటలతో పేరు తెచ్చుకున్న గాయకుడు. పాట అయ్యాక తనకు మార్కులు వేయవద్దని న్యాయనిర్ణేతలను కోరారు.